బ్రైడీ తలకి కొబ్బరి నూనె

ధనుర్మాసంలో నాలుగు రోజులు తెల్లగా పేరుకోవడం, ఎండ పొడవగానే బుద్ధిగా కరిగిపోవడం, ఇదీ మన దగ్గర కొబ్బరి నూనెకున్న అలవాటు. డబ్లిన్ వచ్చాక దానికీ బద్ధకం పట్టుకుంది. ఏడాది పొడుగునా గడ్డకట్టుకునే కూర్చుంటుంది, పిలిచినా పలకదు. అందుకని ఆమని చెంచాతో కాస్త తవ్వి, చిన్న సీసాలో పెట్టి, ఆ సీసాని స్వెట్టరుకీ కోటుకీ మధ్య దోపుకుని బస్సెక్కేది. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఎక్కి లూకన్‌లో దిగేసరికి ఒంటి వేడికి అది చక్కగా కరిగి ఉండేది. నవ్వకండి. పరాయి దేశంలో ఒక్కొక్కరూ ఒక్కోదాన్ని గుండెకి హత్తుకుని తిరుగుతారు. ఆ పిల్లకి నూనె సీసా దొరికింది, అంతే.

ఆమనిది పాలకొల్లు దగ్గర పల్లె. ఇక్కడికి డేటా ఏదో చదవడానికి వచ్చింది. చదువు దారి చదువుదే, ఇంటద్దె దారి ఇంటద్దెదే కాబట్టి సాయంత్రాలూ ఆదివారాలూ లూకన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో పనికి కుదిరింది. నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళోలాగ పురుళ్ళు పోసే ఆసుపత్రి అనుకునేరు. కాదు. ఒంటరిగా ఉండలేని పెద్దవాళ్ళు ఉండే ఇల్లు. వాళ్ళకి తినిపించడం, బట్టలు మార్చడం, తల దువ్వడం, చెప్పిందే చెబుతుంటే కొత్తగా వింటున్నట్టు ఊ కొట్టడం ఆమని పని.

అక్కడే దొరికింది బ్రైడీ. ఎనభై దాటిన మనిషి, బక్క ప్రాణం. మరుపు జబ్బు ముదిరిపోయింది. ఆదివారం ఆదివారం వచ్చే కన్నకూతుర్ని పట్టుకుని "నువ్వు కొత్త నర్సువా?" అని మర్యాదగా అడుగుతుంది. ఆమని పేరూ ఆవిడ నోటికి రాలేదు. "అమ్మాయ్" అని పిలిచేది, దానికే ఆమని పొంగిపోయేది. అందరూ ఆవిణ్ణి ఉత్తి "బ్రైడీ" అంటుంటే, నాయనమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాలుక తిరగక, "బ్రైడీ ఆంటీ" అనేది ఆమని.

ఆవిడ జుట్టు మాత్రం చూడలేం. ఒకప్పుడు బాగా ఒత్తయిన జుట్టే అయ్యుంటుంది, ఇప్పటికీ వీపు మీదికి వస్తుంది. కానీ కొబ్బరి పీచు నయం. ఆ ఊరి నీళ్ళలో సున్నం, గదిలో పొద్దస్తమానం వేడి గాలి, వారానికోసారి షాంపూ. ఇక జుట్టులో తడి ఎక్కడ మిగులుతుంది? మాడు పొట్టు రేగిపోయి, ఆవిడ ఎప్పుడూ గీరుకుంటూనే ఉండేది. దువ్వెన పెడితే "నొప్పి, నొప్పి" అని తల పక్కకి లాగేసుకునేది.

మొదటిసారి ఆ తల చూసినప్పుడు ఆమని దువ్వెన పక్కన పెట్టేసింది. ఎందుకంటే ఆ పిల్లకి నూనె లేని తలంటే ఒకటే అర్థం. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆమనికి ఎనిమిదేళ్ళు. మైల రోజుల్లో ఇంట్లో ఎవరూ తలకి నూనె రాసుకోరు కదా. వచ్చేవాళ్ళు వస్తున్నారు, ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, ఆ పిల్ల మాత్రం రేగిన తలతో గుమ్మంలో నిలబడి ఉండేది. అన్నీ అయిపోయాక ఒకరోజు పొద్దున్నే మేనత్త సావిత్రి అరుగు మీద కూర్చుని కేకేసింది.

"ఇలా రావే బుజ్జీ. తల చూడు, కాకి గూడులాగ ఎలా అయిపోయిందో!"

వెళ్ళి అత్త మోకాళ్ళ మధ్య కూర్చుంది. అత్త ముందు చెంబులో చెయ్యి ముంచి ఆ తడిచేత్తో జుట్టంతా నిమిరింది. తర్వాత అరచేతిలో నూనె వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, చివర్ల నుంచి మొదలుపెట్టింది. "నీళ్ళు ముందు, నూనె తర్వాత. ఎండు జుట్టుకి ఎంత నూనె పోసినా పైపైనే ఉంటుందే పిచ్చిమొహమా" అని చెబుతూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆ చేతుల కింద ఆమనికి నిద్రొచ్చేసింది. అమ్మ పోయాక అదే మొదటిసారి హాయిగా నిద్రపోవడం. ఆ పూట నుంచి కాలేజీకి వెళ్ళేదాకా ప్రతి పొద్దునా అదే అరుగు, అదే మోకాళ్ళు, అవే మొట్టికాయలు. అప్పుడు చిరాకేసేది. "అబ్బా, బస్సు వెళ్ళిపోతుంది అత్తా" అని గింజుకునేది. ఇప్పుడు ఎంత తపించినా ఆ మొట్టికాయ ఒక్కటి కూడా దొరకదు.

అందుకని బ్రైడీ తల చూసి ఊరుకోలేకపోయింది. సాయంత్రం టీ అయ్యాక ఆవిణ్ణి కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, కుళాయి కింద చెయ్యి తడుపుకుని జుట్టంతా మెత్తగా నిమిరేది. తర్వాత నాలుగే నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, ముందు చివర్లకి, మిగిలిన జిడ్డు కుదుళ్ళకి. వెడల్పు పళ్ళ దువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తీసి, వదులుగా ఒక జడ. మొదటి రోజు బ్రైడీ బిగుసుకుపోయింది. రెండో రోజు కళ్ళు మూసుకుంది. తర్వాత తర్వాత ఆ వేళకి తనే కిటికీ వైపు తిరిగి, తల కొంచెం వెనక్కి వాల్చి, ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. గీరుకోవడం మానేసింది. ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ ఉండేది. ఆ పాట ఆమనికి తెలియదు, కానీ వెనక నిలబడి తనూ ఊగేది. ఆ కాసేపూ తను అరుగు మీదే ఉన్నట్టుండేది. ఈసారి సావిత్రత్త చోట్లో తను ఉంది, తేడా అంతే.

నాలుగు చుక్కలే కాబట్టి ఎవరి కంటా పడలేదు. ఎవరినీ అడగాలని ఆమనికీ తోచలేదు. తలకి నూనె రాయడానికి అనుమతేమిటి? మంచినీళ్ళు ఇవ్వడానికి అడుగుతామా?

అక్కడే కొంప మునిగింది.

బ్రైడీ పుట్టినరోజు ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి కూతురు కేకు తెస్తుందనీ, ఫొటోలు తీస్తారనీ చెప్పారు. పుట్టినరోజు అనగానే మన పిల్లకి తలంటు గుర్తుకు రాకుండా ఉంటుందా! పొద్దున్నే బ్రైడీ తలకి నాలుగు చుక్కలు కాదు, సీసాడు నూనె పట్టించింది. మాడు మీద గుంటలా చేసి పోసి, చేత్తో తట్టి, చెవుల వెనక కూడా రాసింది. గంట నాననిచ్చి, వెచ్చటి నీళ్ళతో తలారా పోసి, ఆరబెట్టి జడేస్తే ఫొటోలో మెరిసిపోవాలని మన పిల్ల పథకం. బ్రైడీ కూడా చిన్నపిల్లలా కిలకిల నవ్వింది.

నూనె నానుతుండగా పక్క గదిలో పెద్దాయన కిందపడ్డాడు. ఆమనిని అటు రమ్మన్నారు. ఆ హడావిడిలో స్నానం వేళ దాటిపోయింది. కూతురు ఐలీన్ మూడింటికి రావలసింది, ఒంటిగంటకే వచ్చేసింది.

ఆమని పరిగెత్తుకుంటూ వచ్చేసరికి కేకు డబ్బా మంచం మీద ఉంది. బ్రైడీ నుదుటి మీంచి నూనె కారి, ఈలోగా ఎవరో తొడిగేసిన కొత్త తెల్ల బ్లౌజు మెడ దగ్గర పసుపు మరకలు కట్టింది. జుట్టు పుర్రెకి అతుక్కుపోయి ఉంది. ఐలీన్ గది మధ్యలో, కోటు కూడా విప్పకుండా, నెత్తురు చుక్క లేని మొహంతో నిలబడి ఉంది.

"మా అమ్మ తల కడిగి ఎన్ని వారాలైంది?" అని అడిగింది.

"లేదండీ, ఇప్పుడే... పుట్టినరోజు కదా..." అని ఆమని ఇంగ్లీషూ తెలుగూ కలిపేసింది. ఐలీన్ వినలేదు. ఫొటోలు తీయలేదు. కేకు కోయలేదు.

ఆ సాయంత్రం జోజి పిలిచాడు. జోజి అక్కడ పెద్ద నర్సు, కేరళ మనిషి, నెమ్మదస్తుడు. తలుపు వేసి, కుర్చీ చూపించాడు.

"మా అమ్మ కూడా రోజూ నా తలకి కొబ్బరి నూనె పట్టించేది," అన్నాడు. "నువ్వు ఎందుకు రాశావో నాకు తెలుసు. కానీ నర్సుని అడగకుండా, ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా ఇక్కడ ఎవరి ఒంటికీ ఏదీ రాయకూడదు. అది జారి కంట్లో పడొచ్చు, పడకపోవచ్చు. నియమం నియమమే."

"సారీ సార్."

"సార్ అనకు. ఐలీన్ దీన్ని నిర్లక్ష్యం అంటోంది ఆమనీ. అమ్మని మురికిగా వదిలేశారని. వచ్చే ఆదివారం మాట్లాడదాం అన్నాను. ఆ నిర్లక్ష్యం మాట అలాగే నిలబడితే ఇలాంటి పని నీకు ఇంకెక్కడా ఇవ్వరు. అప్పటిదాకా బ్రైడీ జోలికి వెళ్ళకు, అవతలి వైపు గదులు చూసుకో."

తిడితే పడేది. పని పోతుందంటే భయపడేది. రెండూ ఉన్నాయి, కానీ ఆ "నిర్లక్ష్యం" అన్న మాటకి ఆమనికి తల కొట్టేసినట్టయింది. బస్సులో ఇల్లు చేరేదాకా అదే మాట చెవిలో మోగింది. ఇంట్లో ఆమనితో పాటు గది పంచుకునే మధులిక, వరంగల్ పిల్ల, విషయం విని పొయ్యి మీది గిన్నె వదిలేసి వచ్చింది.

"నీకేమన్న దిమాగ్ ఉన్నదా? ముసలామెకు సీసెడు నూనె పోస్తివా? అది నీ ఇల్లనుకున్నవా?"

"పుట్టినరోజే..."

"నీ పుట్టినరోజుకే నువ్వు తలంటుకోలే! పోయిన్నెల షాంపూ చేస్కొని పిజ్జా తిన్నవ్. ఎవ్వలకు లేని ఆచారాలు నీకెందుకే?" అని తిట్టి, తిట్టి, చివరికి పక్కనే కూర్చుని, "ఏడ్వకు. అన్నం తిను ముందుగాల," అంది.

ఆ వారమంతా ఆమనికి నరకమే. బ్రైడీ తల షాంపూతో కడిగారట, జిడ్డు పోలేదని మళ్ళీ కడిగారట. జుట్టు మళ్ళీ పీచయింది. ఎవరు దువ్వెన పట్టుకున్నా ఆవిడ చెయ్యి విసిరికొడుతోందట. చెవి వెనక నెత్తురొచ్చేలా గీరుకుందట. ఇవన్నీ విన్నవే. ఒక సాయంత్రం ఆ వరండాలోంచి వెళ్ళవలసి వచ్చి, ఓరగా తెరిచిన తలుపులోంచి కళ్ళారా చూసింది. టీ వేళ దాటింది. బ్రైడీ కిటికీ వైపు తిరిగి, తల వెనక్కి వాల్చి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ కూర్చోవడం ఎందుకో లోకం మొత్తంలో ఆమని ఒక్కదానికే తెలుసు. వెళ్ళకూడదు. వెళ్ళలేదు. లాండ్రీ గదిలోకి పోయి, దుప్పట్ల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పని ఉంటే ఉండనీ పోతే పోనీ, ఆ తల మళ్ళీ తన చేతికి రాకపోతే మాత్రం తట్టుకోలేనని ఆ పిల్లకి అప్పుడు తెలిసింది.

ఆదివారం రానే వచ్చింది. జోజి గదిలో ఐలీన్ కూర్చుని ఉంది. అరవై దాటిన పొడుగాటి మనిషి, పొట్టి జుట్టు. చాలాకాలం బళ్ళో పాఠాలు చెప్పి ఈమధ్యనే మానేసిందట. ఆమని వారమంతా అద్దం ముందు ఇంగ్లీషులో క్షమాపణ వల్లించింది. తీరా అక్కడ అందులో మొదటి వాక్యం తప్ప ఏదీ గుర్తు రాలేదు.

"తప్పు నాదే. అడక్కుండా రాశాను, ఎక్కువ రాశాను," అంది. "దానికి ఏం చేసినా సరే. కానీ ఆవిణ్ణి వదిలేశానని మాత్రం అనకండి. మా వైపు పుట్టినరోజుకి ముందు నూనె రాసి తర్వాత తల స్నానం చేయిస్తారు. మీరు మధ్యలో వచ్చారు. మా ఇంట్లో నూనె లేని తలంటే ఎవరో పోయారని అర్థం. మా అమ్మ పోయినప్పుడు నా తల అలా ఉండేది. మీ అమ్మగారి తల చూస్తే నాకు ఊపిరాడలేదు."

జోజి బల్ల మీది పెన్ను అటూ ఇటూ జరిపాడు.

"మా తమ్ముడు పుట్టిన చలికాలం," అంది ఐలీన్ చివరికి, ఎవరితోనో అన్నట్టు. "అమ్మ మంచం ఎక్కింది. ఒంట్లో జబ్బేమీ లేదు. లేచేది కాదు, అంతే. తలగడకి జుట్టు జిడ్డుగా అతుక్కుపోయి ఉండేది. బడి నుంచి వచ్చి రోజూ అదే చూసేదాన్ని. నాకు తొమ్మిదేళ్ళు. మొన్న తలుపు తీయగానే మళ్ళీ అదే కనబడింది. మళ్ళీ అక్కడికే వెళ్ళిపోయిందనుకున్నాను."

ఆమని తలెత్తి చూసింది. పుట్టినరోజు నాడు ఆ మొహంలో తను కోపం అనుకున్నదంతా భయమేనని అర్థమైంది. ఎంత పని చేశానురా భగవంతుడా అనుకుంది.

ఐలీన్ కోటు సర్దుకుని లేచింది. వెళ్ళిపోతుందనుకున్నారు ఇద్దరూ. వెళ్ళలేదు.

"ఇందాక దువ్వబోతే నా చెయ్యి తోసేసింది. నీతో అలా చేయదట కదా, ఇక్కడ పనిచేసే పిల్లలు చెప్పారు. అంతమంది తంటాలు పడ్డా దువ్వెన పెట్టనివ్వదట. ఎలా చేస్తావో నాకు చూపిస్తావా?"

ఆమని జోజి వైపు చూసింది. నిర్లక్ష్యం అన్న మాట తను వెనక్కి తీసుకుంటున్నట్టేనని ఐలీన్ అతనితో చెప్పింది. "ఇప్పుడు ఇంట్లోవాళ్ళు అడిగారు, నర్సుకి తెలుసు. ఇంకేం, గ్రాండ్," అని, ఆ ఊరివాళ్ళు 'సరే'కి బదులు అనే ముక్క అనేసి, అతను తలుపు తీసి పట్టుకున్నాడు.

బ్రైడీ కిటికీ వైపే తిరిగి ఉంది. బయట నాలుగున్నరకే చీకటి ముసురుకుంటోంది. ఐలీన్ తల్లి వెనక నిలబడింది. ఆమని పక్కన, కాస్త ఎడంగా నిలబడి, గొంతు తగ్గించి చెప్పసాగింది.

"ముందు చెయ్యి తడుపుకోండి. కారకూడదు, తడి తగలాలి. ఆఁ, అలా. జుట్టంతా నిమరండి."

ఐలీన్ నిమిరింది. బ్రైడీ భుజాలు బిగుసుకున్నాయి.

"ఇప్పుడు నూనె. మూడు నాలుగు చుక్కలు చాలు, నాలాగ పోయకండి. రెండు చేతులూ రుద్దుకోండి, వెచ్చబడాలి. చివర్లు ముందు. రుద్దొద్దు, జుట్టుని రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కండి, తడి లోపలే ఉండిపోతుంది."

ఐలీన్ చేతులు మొరటుగా కదిలాయి, తర్వాత కుదురుకున్నాయి. బ్రైడీ తల మెల్లగా వెనక్కి వాలింది. భుజాలు జారాయి.

ఆమనికి సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ కుళ్ళు కూడా పుట్టింది, ఉన్న మాట చెప్పుకోవాలి. ఆ నెత్తి మీద కదలాల్సినవి తన చేతులు. అవి ఖాళీగా, ఏం చేయాలో తెలియక, ఏప్రాన్ అంచు నలుపుతున్నాయి.

"నాకిప్పుడు బడి లేదు," అని ఐలీన్ గుసగుసగా అంది. "ఇక్కడికి పావుగంట దూరం. రోజూ ఈ వేళకి నేనే వచ్చి చేస్తాను. నీకు శ్రమ ఉండదు."

శ్రమట! ఆమని "గ్రాండ్" అంది. కన్నకూతురు చేస్తానంటే కాదనడానికి తనెవరు? సీసా బల్ల మీద పెట్టేసింది. రేపటి నుంచి ఒంటి వేడితో కరిగించుకుని తేవలసిన పనే లేదు.

అప్పుడు బ్రైడీ కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు అమ్మాయ్?"

ఐలీన్ ఉలిక్కిపడి ఆమని వైపు చూసింది. ఆమని నోరు తెరవబోయి ఆగింది. ఒక అడుగు వెనక్కి వేసింది. కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపింది.

"పని పడింది," అంది ఐలీన్ మెల్లగా.

"మంచి చేతులు నీవి." బ్రైడీ తల ఇంకాస్త వెనక్కి వాల్చింది. "నాకూ ఒక కూతురుంది. ఐలీన్. వంకీల జుట్టు, ఇంతెత్తు, దువ్వితే గాని లొంగదు. ఆ చలికాలం నేను లేవలేకపోయాను. అది తలంతా రేగిపోయి అలాగే బడికి పోయేది. మంచం మీంచి నాకు కనబడేది అమ్మాయ్. లేచి దువ్వాలనే ఉండేది. చెయ్యి లేచేది కాదు."

ఐలీన్ చేతులు ఆగిపోయాయి.

"అమ్మకి నేనంటే పట్టదని అనుకునుంటుంది పాపం. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో, ఎదురుగా నిలబడితే సిగ్గేసేది. నువ్వు చెబుతావా దానికి? నాకు కనబడేదని?"

ఆమని తలుపు దాకా వచ్చేసింది, పిడి మీద చెయ్యి వేసింది. ఇక అక్కడ తన అవసరం లేదు. ఏడుపొస్తోంది, కానీ అది మొన్న దుప్పట్ల మధ్య ఏడ్చిన ఏడుపు కాదు.

ఐలీన్ కళ్ళు తుడుచుకోలేదు. చేతులకి నూనె ఉంది. మళ్ళీ తల్లి జుట్టుని అరచేతుల మధ్యకి తీసుకుని, మెల్లగా నొక్కింది.

"ఐలీన్‌కి తెలుసు," అంది.